కటింగ్ షాపు కనబడాలా, బాంబు పడాలా?

ఇక్కడ మాట్లాడుకునే ఇద్దరూ నాకు బాగా తెలిసినవాళ్లు. ఆమె ప్రభుత్వ మ్యూజియంలో పనిచేసి రిటైరైంది. రాగి రేకులు తుడవడం దగ్గర్నుంచి స్కూలు పిల్లల్ని వెంటేసుకుని గదులన్నీ తిప్పడం దాకా అన్ని పనులూ చేసిన మనిషి. అతను ఆమె మేనల్లుడు, హైదరాబాద్‌లో సినిమాలకు గ్రాఫిక్స్ చేస్తాడు. రెండో ప్రపంచయుద్ధంలో విశాఖ మీద జరిగిన బాంబుదాడిని మిక్స్‌డ్ రియాలిటీ ప్రదర్శనగా చేస్తానని ఒక ప్రతిపాదన రాసుకుని ఆమె దగ్గరికొచ్చాడు. హెడ్‌సెట్‌లోంచో ఫోన్‌లోంచో చూస్తే ఎదురుగా ఉన్న అసలు వీధి, కంప్యూటర్ గీసిన బొమ్మ ఒక్కచోటే కలిసి కనబడతాయి. మిక్స్‌డ్ రియాలిటీ అంటే, నాకర్థమైనంతలో, అదీ సంగతి. ఇద్దరి మాటలూ కొంత కుదించాను. మధ్యలో నోరు మూసుకుని ఉండలేని చోట ఉండలేదు.

మేనల్లుడు: బీచ్ రోడ్డులో నిలబడి ఫోన్ ఎత్తుతావు అత్తయ్యా. డాల్ఫిన్స్ నోస్ కొండ అక్కడే ఉంటుంది. ఇవాళ్టి సముద్రమే, ఇవాళ్టి ఎండే. దాని మీదుగా 1942 ఏప్రిల్ 6న వచ్చిన జపాన్ విమానాలు వస్తాయి.

అత్తయ్య: సైరన్ మోగుతుంది. జనం పరిగెడతారు. ఒక పిల్ల చేతిలోంచి బొమ్మ జారిపడుతుంది.

మేనల్లుడు: నా ఫైలు చదివేశావా?

అత్తయ్య: చదవక్కర్లేదు. మీ సినిమాల్లో యుద్ధం ఎప్పుడొచ్చినా ఆ బొమ్మ పడుతూనే ఉంటుంది. నాకొకటి చెప్పు. చూసినవాడు చూశాక ఏం చేయాలని?

మేనల్లుడు: తెలుసుకోవాలని. ఈ ఊరి మీద బాంబులు పడ్డాయన్న సంగతే ఇక్కడి పిల్లలకు తెలీదు. పుస్తకంలో ఒక వాక్యంగా ఉన్నది కళ్లెదుట జరిగితే మర్చిపోరు. హిరోషిమాకు వంద కిలోమీటర్ల దూరంలో ఫుకుయామా అని ఊరుంది. అక్కడి టెక్నికల్ హైస్కూలు పిల్లలు పాత ఫొటోలు, పోస్టుకార్డులు ముందేసుకుని, బతికి బయటపడ్డవాళ్లను అడిగి, బాంబు పడకముందు హిరోషిమా నడిబొడ్డు ఎలా ఉండేదో వర్చువల్ రియాలిటీలో, అంటే వీఆర్‌లో కట్టారు. 2018లో అది వార్తల్లోకెక్కింది. మోతోయాసు నది ఒడ్డున నడవొచ్చు. పోస్టాఫీసు దగ్గర ఆగొచ్చు. షిమా ఆసుపత్రి కనబడుతుంది, దాదాపు దాని నెత్తిమీదే కదా బాంబు పేలింది. మొత్తం అయిదు నిమిషాలు. తర్వాత ఆ ఊరు ఏమైందో అదీ చూపిస్తారు. పదహారేళ్ల పిల్లలు చేసిన పని అది!

అత్తయ్య: పిల్లల్ని నేనేమీ అనను. కానీ అదే హిరోషిమాలో పెద్దలు ఏం చేశారో కూడా చెప్పు. అక్కడి శాంతి స్మారక మ్యూజియంలో ఒకప్పుడు బొమ్మలుండేవి. నిలువెత్తు మనుషులు. బట్టలు చిరిగి, చేతులు ముందుకు చాపి, చర్మం వేలాడుతూ నడుస్తుంటారు. వెనకాల ఎర్రగా మంటలు. దశాబ్దాల పాటు జనం అవి చూసి ఝడుసుకున్నారు. 2017లో తీసేశారు. ఉంచాలని గొడవ చేసినవాళ్లూ ఉన్నారు, భయపడకపోతే పిల్లలకు ఎలా తెలుస్తుందని. అటు బాంబుకు గురై బతికినవాళ్లలోనే కొందరు, అసలు జరిగినదాని ముందు ఈ బొమ్మలు ఏపాటివన్నారు. 2019లో ప్రధాన భవనం మళ్లీ తెరిచేసరికి ఆ స్థానంలో నిజమైన వస్తువులే మిగిలాయి.

మేనల్లుడు: ఆ బొమ్మలు పాతపడ్డాయి, అంతే. ప్లాస్టిక్. నా దగ్గర ఉన్నది అంతకన్నా...

అత్తయ్య: అంతకన్నా బాగా భయపెడుతుంది, అంతేగా? నా ఫిర్యాదే అది. అక్కడ ఒక మూడు చక్రాల సైకిలుంది. టెత్సుతానీ షినిచి అనే పిల్లాడిది. నాలుగేళ్లు నిండటానికి ఇంకా నెల ఉంది. ఆ సైకిలు తొక్కుతుండగా బాంబు పడింది, ఆ రాత్రికి పోయాడు. తండ్రి వాణ్ని దూరంగా ఎక్కడో పూడ్చడానికి మనసొప్పక, ఇంటి పెరట్లోనే సైకిలుతో సహా పాతిపెట్టాడు. నలభై ఏళ్ల తర్వాత, 1985లో, తవ్వి తీసి పిల్లాడి ఎముకల్ని సమాధికి చేర్చి సైకిలు మ్యూజియానికిచ్చాడు. తుప్పు. వంగిన హ్యాండిలు. అంతే. దాని ముందు నిలబడ్డవాళ్లకు మీరు ఫోన్ వణికించి ఇంకేం చూపించాలి?

మేనల్లుడు: ఒప్పుకుంటాను. కానీ నువ్విప్పుడు నాకు చూపించింది సైకిలు కాదు, కథ. పక్కన నాలుగు ముక్కల కార్డు లేకపోతే దాన్ని పాత ఇనప సామానువాడు తూకానికి అడుగుతాడు. మధ్యలో ఏదో ఒక సాధనం ఉండాల్సిందే. నీది కార్డు, నాది హెడ్‌సెట్.

అత్తయ్య: కార్డు తాను కార్డునని ఒప్పుకుంటుందిరా. నువ్వక్కడ లేవు, ఎవరో ఉన్నారు, వాళ్లకిలా జరిగిందట, అంటుంది. మీ హెడ్‌సెట్ నువ్వక్కడున్నావని అబద్ధమాడుతుంది.

(ఈ మాట దగ్గర మేనల్లుడు కాస్త తడబడ్డాడు. పాపం, ఈ రంగంలో వాళ్లు తలకెత్తుకున్న వాగ్దానమే అది. 2015లో క్రిస్ మిల్క్ అనే దర్శకుడు టెడ్ వేదికెక్కి, వీఆర్‌ను మించిన సానుభూతి యంత్రం లేదన్నట్టు మాట్లాడాడు. జోర్డాన్‌లోని జాతరీ శిబిరంలో ఉన్న పన్నెండేళ్ల సిరియా పిల్ల సిద్రా మీద గాబో అరోరాతో కలిసి తీసిన చిన్న వీఆర్ సినిమా ఆ మాటకు ఆధారం. తర్వాత మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ బ్లూమ్ దానికి సూటిగా అడ్డుచెప్పాడు: శరణార్థి బతుకులోని అసలు బాధ అందులోంచి బయటికి రాలేకపోవడం, నువ్వేమో ఎప్పుడంటే అప్పుడు కళ్లద్దాలు తీసి పక్కన పెట్టేస్తావు. నాకైతే దీనికి గట్టి జవాబు ఇంతవరకూ ఎక్కడా కనబడలేదు.)

మేనల్లుడు: సరే, అందరూ అలాగే చేస్తారనుకోకు. కరీం బెన్ ఖలీఫా అని యుద్ధాలు ఫొటోలు తీసినాయన ఉన్నాడు. ఏళ్ల తరబడి తీసి, ఈ ఫొటోలు ఏ యుద్ధాన్నీ ఆపడం లేదేమని విసుగెత్తి, ‘ది ఎనిమీ’ అని ఒకటి చేశాడు. 2017లో పారిస్‌లో పెట్టారు. పెద్ద ఖాళీ హాలు. హెడ్‌సెట్ పెట్టుకుని నడిచి వెళ్తావు. ఒక పక్క ఇజ్రాయెల్ సైనికుడు, ఎదురు పక్క పాలస్తీనా పోరాటగాడు. ఇంకో గదిలో కాంగో వాళ్లు, ఇంకో గదిలో ఎల్ సాల్వడోర్ ముఠాల వాళ్లు. నీ ఎత్తు మనిషి నీ ముందు నిలబడి నీ కళ్లలోకి చూస్తాడు. నువ్వు పక్కకు జరిగితే చూపు నీతోపాటు జరుగుతుంది. నీ శత్రువెవరు, శాంతంటే నీకేమిటి, ఇరవై ఏళ్ల తర్వాత ఎక్కడుంటావు, అని ఇద్దరికీ ఒకే ప్రశ్నలు.

అత్తయ్య: విమానాలు రావా?

మేనల్లుడు: రావు. గుండు పేలదు.

అత్తయ్య: మరి ఇది నాకు నచ్చిందిరా. అందులో నువ్వు పాలస్తీనావాడివి కావు, ఇజ్రాయెల్‌వాడివీ కావు. వాళ్లెదురుగా నిలబడ్డావు, అంతే. ఎదురుగా నిలబడ్డప్పుడు మర్యాద ఉంటుంది. చర్మంలో దూరడానికి చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది.

మేనల్లుడు: అయితే నీ అభ్యంతరం యంత్రం మీద కాదన్నమాట.

అత్తయ్య: యంత్రం మీద ఇంకోటుంది, తర్వాత చెప్తాను. నువ్వు ముందు ఫుకుయామా సంగతి పూర్తి చెయ్యి. నది ఒడ్డున నడిచినప్పుడు అక్కడ ఇళ్లున్నాయా?

మేనల్లుడు: ఉన్నాయి. అసలు చాలామందికి తెలీనిది అదే. ఇవాళ శాంతి పార్కు ఉన్న చోటు అప్పుడు పార్కు కాదు. నకజిమా అని కిక్కిరిసిన పేట. దుకాణాలు, సినిమా హాళ్లు, గుళ్లు. చూసేవాళ్లు చాలామంది, బాంబు ఏదో మైదానం మీద పడిందనుకుంటారు. ఆ పేటలో ఒక కటింగ్ షాపుండేది. ఆ ఇంటి పిల్లాణ్ని యుద్ధభయంతో ముందే పల్లెటూరికి పంపేశారు. అమ్మ, నాన్న, అన్న, అక్క అందరూ పోయారు, అతనొక్కడూ మిగిలాడు. డెబ్బై ఏళ్లు దాటాక, 2017లో, నివాతా అంజు అని ఒక హైస్కూలు పిల్ల ఆయన్ని కలిసింది. ఇంట్లోవాళ్ల నలుపు-తెలుపు ఫొటోలున్నాయి. ఆ పిల్ల వతనావే హిదెనొరి అనే ప్రొఫెసర్‌తో కలిసి వాటికి రంగులద్దడం మొదలుపెట్టింది. ముందు కంప్యూటర్ తనకు తోచిన రంగులేస్తుంది. ఆ తర్వాత పెద్దవాళ్ల పక్కన కూర్చోవాలి. ‘ఈ పువ్వు ఇది కాదమ్మా’, ‘ఆ చొక్కా అలా ఉండేది కాదు’ అంటూ వాళ్లు దిద్దుతారు. దిద్దుతూ దిద్దుతూ ఎప్పుడూ చెప్పనివి చెప్తారు. ఆ ఫొటోలు తీసిన చోట నిలబడితే ఫోన్‌లో కనబడేలా యాప్ కూడా ఉంది.

అత్తయ్య: (కాసేపు ఆగి) కంప్యూటర్ తప్పు రంగు వేయబట్టే ఆయనకు నోరొచ్చింది.

మేనల్లుడు: అలా ఎవరూ చెప్పలేదు గానీ, అంతే.

అత్తయ్య: అయితే నా దగ్గరా ఒకటుంది. హిరోషిమాలోనే మోతొమాచి హైస్కూలని ఉంది. 2007 నుంచి అక్కడి బొమ్మలేసే పిల్లలు ఒక్కొక్కరూ ఒక్కో ముసలాయనతోనో ముసలామెతోనో జత కూడతారు. ఏడాది పొడుగునా కలుస్తారు. ఆ రోజు చూసిన ఒక్క దృశ్యం ఆయిల్ పెయింట్‌లో వేయాలి. వేసి తీసుకెళ్తే, ‘మంట ఈ రంగు కాదు’ అంటారు. మళ్లీ వేస్తారు. ‘ఆ చెయ్యి అలా వంగలేదు.’ మళ్లీ. ఇలా రెండొందలకు పైగా బొమ్మలయ్యాయి. హెడ్‌సెట్ లేదు, కరెంటు లేదు. బ్రష్షు, రంగు, ఒక పిల్ల, ఒక ముసలి ప్రాణం. పని అంతా ఆ కూర్చోవడంలో ఉంది. చూడ్డానికి వచ్చే మనబోటివాళ్లకు దక్కేది అడుగున మిగిలిన మడ్డి.

మేనల్లుడు: అలాగైతే మ్యూజియాలు మూసేయాలి. ఎప్పుడూ చేసినవాళ్లకేనా? 2025 మార్చికి జపాన్‌లో బాంబుకు గురై బతికున్నవాళ్ల లెక్క మొట్టమొదటిసారి లక్ష కిందికి దిగింది. సగటు వయసు 86 పైన. వాళ్ల సంఘం నిహోన్ హిదాంక్యోకు 2024లో నోబెల్ శాంతి బహుమతి వచ్చిందని అందరం చప్పట్లు కొట్టాం. ఇంకో పదేళ్లకు పక్కన కూర్చోడానికి ఎవరుంటారు? నీ బ్రష్షుకు ‘అలా కాదు’ అనేవాళ్లు ఉండరు.

అత్తయ్య: అప్పుడు బొమ్మలుంటాయి. వందేళ్ల తర్వాతా గోడకుంటాయి. ఇదే నేను తర్వాత చెప్తానన్నది. మీ సరుకు ఎన్నాళ్లుంటుంది? హోలోలెన్స్ అని మైక్రోసాఫ్ట్ వాళ్లది వచ్చినప్పుడు ప్రపంచమే మారిపోతుందన్నారు. 2024లో తయారీ ఆపేశారు. గూగుల్ వాళ్ల డేడ్రీమ్ అంతకు ముందే పోయింది. ఆ గాజు కళ్లలో పెట్టిన జ్ఞాపకాలు ఎక్కడికి పోయాయి? నేను పనిచేసిన చోట తాళపత్రాలకు నూనె రాసి కాపాడేవాళ్లం. మీ యాప్‌కు ఏ నూనె రాయాలి?

(మేనల్లుడి దగ్గర దీనికి సమాధానం లేదు, నా దగ్గరా లేదు. అసలు ఫైళ్లు, అడిగిన ప్రశ్నల రికార్డింగులు విడిగా భద్రం చేయాలని ఏదో అన్నాడు. అది నిజమే. కానీ ప్రతిపాదన బడ్జెట్‌లో ఆ పద్దుకింద ఏమీ లేదని తర్వాత నేను చూశాను.)

మేనల్లుడు: అయితే నిలవనిదాని గురించే చెప్తాను. క్రిస్టఫ్ వొదిచ్కో అని పోలండ్‌లో పుట్టిన కళాకారుడు. 1999 ఆగస్టులో, బాంబు పడ్డరోజు తర్వాత రెండు రాత్రులు, హిరోషిమా డోమ్ ముందు ప్రొజెక్టర్లతో ఒక ప్రదర్శన చేశాడు. ఆ డోమ్ తెలుసుగా, యాన్ లెట్జెల్ అనే చెక్ ఆర్కిటెక్ట్ 1915లో కట్టిన వాణిజ్య భవనం, పైన ఇనుప చువ్వలే మిగిలినది. అందరూ డోమ్ మీదే బొమ్మ వేస్తారనుకుంటాం. ఆయన వేయలేదు. దాని కింద నది గట్టు రాళ్ల మీద వేశాడు. వేసింది చేతులు మాత్రమే. పెద్ద పెద్ద చేతులు. ముడతలు పడ్డవి, కుర్రవి. గొంతులు వినబడతాయి, మొహాలుండవు. మాట్లాడుతూ ఒకరు వేళ్లు నలుపుకుంటారు, ఒకరు అరచేయి తిప్పుతారు. కింద నీళ్లలో ఆ చేతులే కదులుతాయి. పైన డోమ్ తల అయిపోయింది, గట్టు ఒళ్లయింది. భవనమే మనిషై మాట్లాడుతున్నట్టు. హెడ్‌సెట్లు లేవు, జనం అంతా ఒడ్డున ఒకటిగా నిలబడి చూశారు.

అత్తయ్య: చేతులేనా?

మేనల్లుడు: చేతులే. ఇంకోటి. ఆ గొంతుల్లో జపాన్ వాళ్లవే కాదు, కొరియా వాళ్లవీ ఉన్నాయి. కొరియా అప్పుడు జపాన్ పాలనలో ఉంది కదా, వేలమంది కొరియన్లు హిరోషిమాలో పనిచేస్తూ పోయారు. వాళ్ల స్మారకం 1970లో పెడితే పార్కు బయట, నది అవతల పెట్టారు. లోపలికి తెచ్చింది 1999లోనే.

అత్తయ్య: చూశావా, నువ్వే చెప్పావు. నకజిమాను వీఆర్‌లో మళ్లీ కట్టినప్పుడు ఆ కొరియావాళ్లు వీధిలో ఉంటారా? ఫొటో ఉన్నవాడి ఇల్లు లేస్తుంది. కెమెరా కొనుక్కోలేనివాడి ఇల్లు లేవదు. పుస్తకంలో అయితే ‘వీళ్ల గురించి ఏమీ దొరకలేదు’ అని ఒక ముక్క రాయొచ్చు. మీ బొమ్మలో ఖాళీ ఎక్కడ పెడతారు? మీ సాఫ్ట్‌వేర్ ఖాళీ కనబడగానే గోడ కట్టేస్తుంది.

మేనల్లుడు: అది నిజంగానే కష్టం అత్తయ్యా. తెలిసినదీ ఊహించినదీ ఒకే మెరుపుతో వస్తాయి. తెలీనివాటిని గీతలుగా వదిలేయొచ్చు, రంగు లేకుండా. కానీ క్లయింటు ‘పని పూర్తి కాలేదేం’ అంటాడు.

అత్తయ్య: మన ఊరికి రా. నీ విమానాల దగ్గరికి. ముందురోజు, ఏప్రిల్ 5న, కొలంబో మీద పడ్డారు. 6న ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచి వచ్చి విశాఖ రేవు మీదా కాకినాడ మీదా వేశారు. ఎన్ని బాంబులు పడ్డాయి? కొన్ని. ఎంతమంది పోయారు? కొద్దిమంది. ఆ ప్రాణాలు తక్కువని కాదు. కానీ ఈ ఊరికి అప్పుడు జరిగిన పెద్ద సంగతి పేలుడు కాదురా, పారిపోవడం. ఇళ్లకు తాళాలేసి జనం బళ్లు కట్టుకుని పల్లెలకు పోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్నే గుంటూరుకు తరలించారు. నువ్వు ఆకాశమంతా విమానాలతో నింపితే ఊళ్లో జరగని యుద్ధం చూపించినవాడివవుతావు.

మేనల్లుడు: మరి ఏం చూపించమంటావు? తాళమా?

అత్తయ్య: మీ నాయనమ్మకు అప్పుడు పదేళ్లు. ఆమెను ఎన్నిసార్లడిగినా బాంబు చప్పుడు గురించి ఒక్క మాట రాలేదు. చప్పుడు విన్నదో లేదో కూడా చెప్పలేకపోయేది. ఆమెకు గుర్తున్నది చింతపండు. కొత్త చింతపండు గింజ తీసి మేడ మీద చాపలేసి ఎండబెట్టారు. ఉప్పు కలిపి కుండలకెత్తే పని ఇంకా ఉంది. అలాగే వదిలేసి పొమ్మన్నారట. బండిలో కూర్చుని దారి పొడుగునా వాళ్లమ్మ ‘చింతపండు, చింతపండు’ అంటూనే ఉందట. ఆవును పలుపు విప్పి వదిలేశారు, దాని గురించి మాత్రం ఎవరూ ఏడవలేదట. పోయే దాకా ఇదే చెప్పింది. ప్రతిసారీ ఇదే.

మేనల్లుడు: ఇది నాకెప్పుడూ చెప్పలేదే?

అత్తయ్య: నువ్వడిగావా? విమానం ఏ మోడలని గూగుల్‌ను అడిగావు.

మేనల్లుడు: కోప్పడకు. కానీ నిజం చెప్పు. మేడ మీద ఎండుతున్న చింతపండు చూడ్డానికి బీచ్ రోడ్డుకు ఎవరొస్తారు? కురుసురా జలాంతర్గామి ఎక్కడానికి క్యూ కడతారు. దాని పక్కన నేను చింతపండు చాప పెడితే...

అత్తయ్య: అక్కడ పెట్టకు. పాత ఊళ్లో పెట్టు. ఏ మేడల మీద ఎండిందో ఆ మేడల మీద. జనం ఫోన్ ఎత్తి చూస్తే చాప ఉండాలి, పక్కన సగం నిండిన కుండ ఉండాలి, మనిషి ఉండకూడదు. నీకు చేతగాదా?

మేనల్లుడు: చింతపండు చేయడం విమానం కన్నా కష్టం. తడి, మెరుపు, ఆ రంగు... ఏ రంగుండేది?

అత్తయ్య: కొత్తది ఎర్రగా ఉంటుంది. ముదురు ఎరుపు కాదు. నువ్వు వేసుకురా, నేను చెప్తాను కాదో అవునో. విమానాలకు ఎంత రాశావు?

మేనల్లుడు: మొత్తంలో సగం.

అత్తయ్య: ఆ సగంతో రెండేళ్లు తిరుగు. అనకాపల్లి, విజయనగరం, భీమిలి. అప్పటి పిల్లలు తొంభై ఏళ్లవాళ్లై ఎక్కడో మంచాల మీదున్నారు. ‘బాంబులప్పుడు ఎక్కడికెళ్లారు, ఏం వదిలేశారు’ అని రెండే ప్రశ్నలడుగు. వాళ్లు లేకపోతే వాళ్ల కోడళ్లకు తెలుస్తుంది. జపాన్ వాళ్ల గురించి కూడా అడుగు. హిరోషిమాను తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది, మన మీద పడ్డ బాంబూ ఆ దేశానిదే. రెండూ ఒకే తలకాయలో పెట్టుకోవాలి కదా చూసినవాడు.

మేనల్లుడు: ఎవరూ దొరకలేదనుకో?

అత్తయ్య: దొరికినంతే పెట్టు. తక్కిన వీధి ఖాళీగా వదిలెయ్యి. ఏప్రిల్ 7న ఎలాగూ ఖాళీగానే ఉండుంటుంది.

మేనల్లుడు: అత్తయ్యా, ఖాళీ వీధికి డబ్బెవడిస్తాడు? స్పాన్సర్ మొదటి మీటింగులోనే బాంబేదీ అంటాడు.

అత్తయ్య: జపాన్ వాళ్లు వేసినది విశాఖ మ్యూజియంలో ఉంది. టిక్కెట్టు కొనుక్కుని చూసుకోమను.